కుడిచేత్తో విసిరిన మట్టి ఉండ

10 జనవరి 1982, ఆదివారం. మియజాకి, జపాన్

వ్యవసాయ ట్రైనింగుకి నాతో వచ్చిన మిగతా ఇండియావాళ్ళిద్దరూ టేప్ రికార్డర్లు కొనుక్కోడానికి ఊళ్ళోకి పోయారు. నన్ను హిరాతా గారు గుడికి లాక్కెళ్ళాడు. ఈయన మా కేంద్రంలో వరినారు విభాగం చూసే పెద్దమనిషి. ఇంగ్లీషు నాకంటే కాస్త తక్కువ తప్పులతో మాట్లాడతాడు. ఇంటి దగ్గర నా భార్య మాలక్ష్మికి నెలలు నిండుతున్నాయని ఎప్పుడో నోరుజారాను. అప్పట్నుంచి సుఖప్రసవానికి మొక్కుకునే గుడి ఉంది, ఉదో అని, వెళ్ళి తీరాలని ప్రాణం తోడేస్తున్నాడు.

గుడి అంటే కొండ ఎక్కాలనుకున్నాను. ఇక్కడ కొండ దిగాలి. ఒక పక్క రాయి, ఒక పక్క సముద్రం, మధ్యలో తడిమెట్లు. చివర పెద్ద గుహ. ఎర్రరంగు గుడి మొత్తం ఆ గుహ నోట్లో ఉంది. లోపలికి అడుగు పెట్టగానే సముద్రం హోరు ఎవరో తలుపు వేసినట్టు ఆగిపోయింది. దాని బదులు ఎక్కడో నీటిచుక్కలు పడుతున్న చప్పుడు. అంతమంది ఉన్నాం, ఎవరూ మాట్లాడటం లేదు.

గుడి వెనక గుహగోడకి రెండు రాతి బుడిపెలు. వాటినుంచి చుక్కచుక్కగా నీళ్ళు. కడుపుతో ఉన్న ఆడవాళ్ళు వరసగా నిలబడి పట్టుకు తాగుతున్నారు. హిరాతా గారు నా చెవిలో కథ చెప్పాడు. సముద్రపు రాజు కూతురు భూమ్మీది రాకుమారుణ్ణి పెళ్ళాడింది. పురిటికి ఒడ్డుకి వచ్చింది. నీటికాకి ఈకలతో పాక వేస్తుంటే, కప్పు పూర్తికాకుండానే నొప్పులొచ్చాయి. కనేటప్పుడు మా జాతి రూపంలోకి వెళ్ళిపోతాను, నన్ను చూడొద్దు అని మొగుడికి చెప్పింది. ఆయన చూశాడు. లోపల మొసలిలాంటిదేదో పొట్టమీద పాకుతోంది. ఆవిడ సిగ్గుతో చితికిపోయి, బిడ్డని ఒడ్డున వదిలేసి, సముద్రంలోకి వెళ్ళే దారి శాశ్వతంగా మూసేసి వెళ్ళిపోయింది. పోతూపోతూ బిడ్డ పాలకోసం తన రొమ్ములు తీసి ఈ రాతికి అంటించిందిట.

"ఇవేనా?" అన్నాను.

"ఇవే" అని తల వంచాడు.

నేనూ తాగాను. మంచులా ఉంటాయనుకుంటే గోరువెచ్చగా ఉన్నాయి. జనవరిలో రాతినీళ్ళు గోరువెచ్చగా ఉండవు. నా చేతులు కొంకర్లు పోయి ఉన్నాయి కాబట్టి అలా అనిపించి ఉంటుంది.

గుడి బయట మరో తమాషా. కింద అలల్లో తాబేలులాంటి బండ. సముద్రపు రాజు కూతురు ఎక్కి వచ్చిన తాబేలు అదేనట. దాని వీపు మీద తాడుతో చుట్టిన గుండ్రం. కోరిక అనుకుని ఇక్కడినుంచి మట్టి ఉండ విసరాలి. గుండ్రంలో పడితే కోరిక తీరుతుంది. ఆడవాళ్ళు కుడిచేత్తో, మగవాళ్ళు ఎడమచేత్తో వెయ్యాలి.

దేవుడికి ఎడమచేత్తో విసరడమా! మా నాన్న వేదం చెప్పుకున్న మనిషి. ఎడమచేత్తో ప్రసాదం అందుకున్నానని చిన్నప్పుడు నా వీపు చిట్లగొట్టాడు. నావల్ల కాదన్నాను. మాలక్ష్మీ బిడ్డా క్షేమంగా ఉండాలి అనుకుని శుభ్రంగా కుడిచేత్తో విసిరాను. తిన్నగా వెళ్ళి గుండ్రంలో పడింది. జనం చప్పట్లు కొట్టారు.

ఉండలు అమ్మే ముసలావిడ మాత్రం కొట్టలేదు. హిరాతా గారితో ఏదో అంది. ఆయన నవ్వి ఊరుకున్నాడు. బస్సెక్కాక గుచ్చిగుచ్చి అడిగితే చెప్పాడు. "మీరు ఆడచేత్తో వేశారట. తీరేది మీ కోరిక కాదు, మీ భార్య కోరిక అంటోంది."

మంచిదే కదా అన్నాను. ఇద్దరి కోరికా ఒకటే.

కొన్న రెండు ఉండల్లో ఒకటి మిగిలింది. ఆ రాతినీళ్ళతో చేసిన చక్కెర బిళ్ళల పొట్లం కూడా కొన్నాను, మాలక్ష్మికి.

11 జనవరి

మాలక్ష్మి ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. "పురిటికి నన్ను మా అమ్మ దగ్గరికి అంతర్వేది పంపమని అత్తయ్యగారికి ఒక్క ముక్క రాయండి. ఇంకేమీ అడగను."

రాయలేదు. అంతర్వేదిలో ఏముంది, సముద్రమూ ఇసకా తప్ప? కొత్తపేటలో అయితే నర్సు సువార్తమ్మగారు రెండిళ్ళ అవతలే ఉంటుంది. పైగా అమ్మ బాధపడుతుంది. నేను ఆలోచించే రాయలేదు.

13 ఫిబ్రవరి, కొత్తపేట

నిన్న ఇల్లు చేరాను. కొబ్బరి మట్టల గలగల వింటే ప్రాణం లేచొచ్చింది. మాలక్ష్మి బాగా నీరు పట్టింది. బిళ్ళలు ఇస్తే ఒకటి నోట్లో వేసుకుని, "ఇదేంటండీ, పాలవాసనొస్తోంది" అంది. దేంతో చేశారో చెప్పలేదు. పక్కన అమ్మ ఉంది.

18 ఫిబ్రవరి, గురువారం

ఆడపిల్ల. సాయంత్రం, ఇంట్లోనే. సువార్తమ్మగారు బయటికొచ్చి, "తల్లీ పిల్లా బాగానే ఉన్నారండి. దాహం అడిగితే కాచిన నీళ్ళు ఇస్తూ ఉండండి, కామేశ్వరమ్మగారండీ" అంది. "ఆయ్, అలాగేనమ్మా" అంది అమ్మ.

నేను లోపలికి వెళ్ళబోతే అమ్మ గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టింది. మా పురోహితులు అవధానిగారు పంచాంగం చూశారట. మూలా నక్షత్రం, మొదటి పాదం. తండ్రికి గండం. మళ్ళీ మూల వచ్చిన రోజున శాంతి చేసి, నూనెలో పిల్ల నీడ చూశాకే పిల్లని చూడాలి. అంతవరకు ఆ గది చాయలకి పోకూడదు.

"అమ్మా, నేను జపాన్ వెళ్ళొచ్చినవాణ్ణి" అన్నాను.

"వెళితే? అక్కడ నక్షత్రాలు ఉండవా?" అంది అమ్మ.

నవ్వొచ్చింది. సరే అన్నాను. ఏమో, ఎందుకొచ్చిన గొడవ.

20 ఫిబ్రవరి

పురిటిగది ఇంటి వెనక, పెరటివైపు తలుపుతో ఉంది. తలుపు వేసే ఉంటుంది. నేను బయట పీట వేసుకుని పేపరు చదువుతుంటాను. దీన్ని చాయలకి పోవడం అనరు.

"ఉన్నారాండీ?" అంది మాలక్ష్మి లోపలినుంచి.

"ఉన్నాను. పిల్ల ఎలా ఉంది?"

"నిద్రోతోందండి. మీ ముక్కే. ఏదైనా చెప్పండి, ఊసుపోటం లేదు."

ఇంకేమీ తోచక గుహ కథ చెప్పాను. రొమ్ముల సంగతి వచ్చేసరికి నవ్వింది.

"ఆయన ఎందుకు చూసేడండీ?"

"చూడొద్దంది కాబట్టి. మగబుద్ధి."

"కాదండి. ఆవిడ అరిచుంటుంది. మనిషి అరిస్తే చూడరేంటి?"

"అరిచినా చూడకూడదు. మాటంటే మాటే."

"మరి నేనరిస్తేనండీ?"

"నేను చూస్తే నాకు గండం, పిల్లకీ మంచిది కాదు. చూడను."

"ఆయ్. చూడకండి" అంది. "కాసిని మంచినీళ్ళు ఇమ్మని అత్తయ్యగారితో చెబుతారాండీ? నాలిక పిడచకట్టుకుపోతోంది" అంది.

అమ్మతో చెప్పాను. బాలింతకి నీళ్ళిస్తే ఒళ్ళు ఉబ్బుతుంది, వాతం చేస్తుంది, వెల్లుల్లి కారం అన్నంలోకి గుక్కెడు వేణ్ణీళ్ళు ఇస్తున్నాను, నిన్ను కనీ పెంచీ చేసినదాన్ని నాకు తెలీదా అంది. తెలియకేం. సువార్తమ్మగారు ముమ్మిడివరంలో ఎవరో చుట్టాల పెళ్ళికి వెళ్ళింది.

22 ఫిబ్రవరి

పురిటిగదిలో నీళ్ళు కారుతున్నాయి. చుక్క, చుక్క. వానా లేదు, పాడూ లేదు. పెంకులు చూశాను, ఎండకి పటపటలాడుతున్నాయి. అమ్మని అడిగితే నాకేం వినిపించడం లేదంది.

23 ఫిబ్రవరి

మాలక్ష్మి పిలిస్తే సరిగ్గా పలకడం లేదు. మాట్లాడితే వేరే ఎవరితోనో మాట్లాడినట్టు ఉంది. "దారి మూసేసేరండీ" అంది ఒకసారి. తలుపు దగ్గర ఉప్పువాసన వేస్తోంది. కొత్తపేటకి సముద్రం చాలా దూరం.

24 ఫిబ్రవరి

చూడలేదు.

25 ఫిబ్రవరి, గురువారం

నిన్నటి సంగతి వివరంగా రాసుకోవాలి. లేకపోతే తరవాత నేనే ఏదో ఒకటి కల్పించుకుంటాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. అమ్మ పడుకుంది. నేను పీట మీద కూర్చుని పేపరు చదువుతున్నాను. లోపల గంగాళం మూత కిందపడిన చప్పుడైంది. పిల్లి అనుకున్నాను. తలుపు చెక్కల మధ్య బొటనవేలు పట్టేంత సందుంది, నిజమే. నేను లేచిన మాట కూడా నిజమే. పిల్లిని తోలాలని లేచాను. సందులోంచి చూడాలని కాదు. చూడలేదు కూడా.

పిల్లి అయి ఉండాలి. అయితే పిల్లి మోచేతుల మీద పాకదు. ఒళ్ళు ఈడ్చుకుంటూ వెళ్ళి, గంగాళంలో స్నానానికి పెట్టిన నీళ్ళలో ముఖం ముంచేసి తాగదు. తడిజుట్టు నేలకి అతుక్కుని ఉండదు.

ఎందుకు రాశాను ఇదంతా? హిరాతా గారి కథ బుర్రలో తిరుగుతోంది. మనిషికి నిద్ర లేకపోతే విన్నవి కన్నవిలా అనిపిస్తాయి. నిజంగా చూసి ఉంటే కేక వేసి ఉండేవాణ్ణి కదా! తలుపు తోసి ఉండేవాణ్ణి కదా! గడియ కూడా లేదు. తొయ్యలేదంటే చూడలేదనే.

ఆయన చూశాడు కాబట్టి ఆవిడ వెళ్ళిపోయింది. నేను చూడలేదు. కాబట్టి మాలక్ష్మి ఎక్కడికీ వెళ్ళదు. ఇంత సులువైన లెక్కని ఇన్నిసార్లు సరిచూసుకోవడం ఎందుకు?

నిన్న సాయంత్రం అమ్మతో, "దానికి ఒంట్లో బాగాలేదేమోనే, ఎవరినైనా పిలుద్దామా?" అన్నాను.

"ఇప్పుడే పిల్లకి పాలిచ్చి పడుకుంది. బానే ఉంది. నీకెలా తెలిసింది బాగాలేదని?" అని, అమ్మ నా ముఖంలోకి చూసింది. "కొంపదీసి చూశావుట్రా?"

"ఛ, లేదే" అన్నాను.

"ఒట్టు?"

"ఒట్టు."

అమ్మ ముఖం తేలికపడింది. నాక్కూడా కాస్త తేలిగ్గానే అనిపించింది. రాత్రి రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

26 ఫిబ్రవరి

పిలిచాను. పలకలేదు. పిల్ల మాత్రం ఏడుస్తూనే ఉంది. మాలక్ష్మి నిద్రలో ఉండి ఉంటుంది.

27 ఫిబ్రవరి, శనివారం. అమలాపురం ఆసుపత్రి

సువార్తమ్మగారు పొద్దున్న బస్సు దిగి తిన్నగా మా ఇంటికొచ్చింది. పురిటిగదిలోకి వెళ్ళి, వెళ్ళినంత వేగంగా బయటికొచ్చి, కారు తెప్పించమని అరిచింది. బాలింత జ్వరం. ఒళ్ళు కాలిపోతోంది, కళ్ళు తేలేసింది. నాలిక చెక్కలా ఉందట. మోచేతులు రెండూ దోక్కుపోయి పుళ్ళు పడ్డాయట. దుప్పటి కప్పుకుని ఉంటే పడుకుందనుకున్నానని అమ్మ ఏడుస్తోంది.

"ఇన్నాళ్ళనించీ ఇలా ఉంటే ఇంట్లో ఒక్కరూ చూడలేదాండీ?" అంది సువార్తమ్మగారు.

అమ్మ నా వంక చూసింది. నేను కారు కోసం వీధిలోకి పరిగెత్తాను.

మాలక్ష్మిని కారెక్కించేటప్పుడు పిల్లని అమ్మ కొంగు చాటున పెట్టుకుని అటు తిరిగింది, నా కంట పడకుండా. నేను మాలక్ష్మి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కళ్ళు సగం తెరిచే ఉన్నాయి. నన్ను కాదు, నా వెనక దేన్నో చూస్తున్నట్టున్నాయి. గౌతమి, వైనతేయ, ఈ సీమ చుట్టూ ఇన్ని నీళ్ళు. దేవుడా, దీనికి చెంబెడు ఇవ్వలేకపోయాను.

ఇవ్వలేకపోయాను అంటే, ఇవ్వాలని నాకు తెలీదు. అమ్మ చూసుకుంటోంది అనుకున్నాను.

2 మార్చి

బతుకుతుందన్నారు. ఇంజెక్షన్లు పనిచేస్తున్నాయట. వరండాలో కూలబడి చంటిపిల్లాడిలా ఏడ్చాను. వాళ్ళమ్మ బుల్లెమ్మగారు అంతర్వేది నుంచి వచ్చి మంచం పక్కనే ఉంటోంది. చెంచాతో కొబ్బరినీళ్ళు పడుతోంది.

నేను లోపలికి వెళ్ళగానే మాలక్ష్మి కళ్ళు మూసుకుంటుంది. నీరసం.

9 మార్చి

ఇవాళా కళ్ళు మూసుకుంది. బుల్లెమ్మగారితో మాట్లాడుతూ, నవ్వుతూ ఉంది. గుమ్మంలో నా చెప్పుల చప్పుడు వినగానే మూసుకుంది.

డాక్టరు నీరసం వారంలో పోతుందన్నాడు.

18 మార్చి, గురువారం. కొత్తపేట

ఇవాళ మూల. శాంతి అయింది.

మాలక్ష్మి రెండు రోజుల కిందటే ఇంటికొచ్చింది. గోడ పట్టుకుని నడుస్తోంది. అవధానిగారు హోమం అదీ అయ్యాక నన్ను పీట మీద కూర్చోబెట్టి, ముందు కంచుగిన్నె నిండా నువ్వులనూనె పెట్టారు. మాలక్ష్మి పిల్లనెత్తుకుని నా వెనకాల వచ్చి కూర్చుంది. వెనక్కి తిరక్కుండా నూనెలోకే చూడాలి. పిల్లని నా భుజం మీదుగా ముందుకి వంచింది. మెడ మీద దాని ఊపిరి తగిలింది.

నూనె నల్లగా, కదలకుండా ఉంది. నాకు ఆ గుహ గుర్తొచ్చింది. హోమగుండం చిటపటలు, మంత్రాలు, అమ్మ గొంతు, అన్నీ వెనక్కి వెళ్ళిపోయాయి. చుక్క, చుక్క, ఆ చప్పుడొక్కటే. నూనెలో గుప్పెడంత ముఖం తేలింది. నిద్రపోతోంది. నా ముక్కే. నా కూతురు.

దాని ముఖం పైన ఇంకో ముఖం ఉంది. కళ్ళు తెరిచి ఉంది. నన్నే చూస్తోంది.

"కనిపించిందాండీ?" అన్నారు అవధానిగారు.

"ఆయ్. కనిపించిందండి" అన్నాను.

అప్పుడు నా చెవి వెనక, నాకొక్కడికే వినపడేలా అడిగింది. కోపం లేదు. పిల్లకి పాలు తాగించేటప్పటి గొంతు.

"ఆవేళ కూడా ఇలాగే కనిపించేనాండీ?"

నేను కదలలేదు. నూనె కూడా కదలలేదు.

"మీ కన్ను నాకు కనిపించిందండి. నీళ్ళు తెస్తారనుకున్నాను" అంది.

తరవాత అందరూ వచ్చి పిల్లని నా ఒళ్ళో పెట్టారు. ఇక చూడొచ్చు, తనివితీరా చూసుకో అంది అమ్మ. పిల్ల వంక చూశాను. ఏం చూశానో గుర్తులేదు.

19 మార్చి

బుల్లెమ్మగారు కూతుర్నీ మనవరాల్నీ తీసుకుని అంతర్వేది వెళ్ళిపోయింది. రాజోలు బస్సు దాకా వెళ్ళాను. "ఎప్పుడు రమ్మంటావు?" అని మాలక్ష్మిని అడిగాను. "చెబుతానండి" అంది. పోట్లాట లేదు, ఏడుపు లేదు. బస్సు కదిలాక కిటికీలోంచి గాలికి ముఖం పెట్టింది. పెళ్ళయ్యాక అంత హాయిగా దాని ముఖం నేనెప్పుడూ చూడలేదు.

ఇంకేమీ అడగను అని రాసింది. అడిగింది అదొక్కటే. తీరింది.

11 ఏప్రిల్, ఆదివారం. అంతర్వేది

కబురు రాలేదు. ఉండబట్టలేక నేనే వచ్చాను.

బుల్లెమ్మగారు అరుగు మీద చాప వేసి, కాళ్ళు కడుక్కోడానికి నీళ్ళిచ్చి, తాగడానికి వేరే చెంబుతో ఇచ్చింది. మర్యాదకి లోటు లేదు. "అమ్మాయి పిల్లని పడుకోబెట్టి తనూ పడుకుందండి. లేపమంటారాండీ బాబూ?" అంది. లోపల గది తలుపు వేసి ఉంది. ఉయ్యాల చప్పుడు వినిపిస్తోంది. అంటే పడుకోలేదు.

"వద్దండి" అన్నాను.

తలుపు చెక్కల మధ్య ఇక్కడా సందుంది. అటు తిరక్కుండా లేచి సముద్రం వైపు నడిచాను.

గోదావరి సముద్రంలో కలిసేచోట ఇసక మీద వెడల్పాటి చార ఉంది. రెండు పక్కలా గుంటలు, మధ్యలో ఏదో బరువైనది ఈడ్చుకుపోయినట్టు. పడవకి తారు పూస్తున్న మనిషిని ఏమిటని అడిగాను.

"తాబేలండి. ఒడ్డుకొచ్చి గుడ్లెట్టేసి ఎల్లిపోద్దండి. మళ్ళీ అటేపు చూడదండి."

"మనుషులు చూస్తే?"

"ఆయ్, గుడ్లెట్టేదాకా మనం ఎదర పడకూడదండి. పడితే ఎట్టకుండానే తిరిగెల్లిపోద్దండి."

ఆ చార పక్కనే నడుచుకుంటూ నీళ్ళ దాకా వెళ్ళాను. అక్కడ అల చెరిపేసింది. జేబులో జపాన్ నుంచి తెచ్చిన మట్టి ఉండ ఉంది. పొద్దున్న బయల్దేరేటప్పుడు ఎందుకు వేసుకున్నానో తెలీదు. తెలుసు.

24 ఫిబ్రవరి మధ్యాహ్నం నేను చూశాను. మాలక్ష్మి నావైపు చెయ్యి చాపింది. నేను పీట దగ్గరికి వెళ్ళి పేపరు తీసుకున్నాను.

ఉండని ఎడమచేతిలోకి మార్చుకున్నాను. మాలక్ష్మి తిరిగి రావాలి అనుకోబోయి ఆగిపోయాను. దాని తలుపు అది తీసుకునేదాకా తొయ్యకుండా ఉండే ఓపిక నాకివ్వమన్నాను. ఎడమచేతి విసురు నాకెప్పుడూ అలవాటు లేదు. విసిరేసి, వెంటనే వెనక్కి తిరిగి నడిచాను.

ఎక్కడ పడిందో చూడలేదు.